మైకు బాబాయి ఇచ్చిన పూచీ

మైకు బాబాయి చదివింది పల్లెటూరి బడిలో. ఒకే గది, ఒకే పంతులుగారు, ఐదు తరగతులు. గట్టిగా వాన పడితే ఆ రోజుకు బడి లేనట్టే. అక్కణ్ణుంచి పొలంగట్ల మీద నడిచి పై ఊరి హైస్కూలుకు వెళ్ళి, పదో తరగతి మొదటి దెబ్బకే గట్టెక్కాడు. అలాంటి మనిషి రేడియో స్టేషనులో నౌకరుగా చేరి, కుర్చీలు తుడిచి, మైకులు మోసి, ఆఖరికి ఆ మైకు ముందే కూర్చున్నాడంటే అది ఆషామాషీ సంగతి కాదు. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో ఆయన్ని పిలవడం ఊరు ఎప్పుడో మానేసింది. పిల్లలకూ ముసలివాళ్ళకూ కూడా ఆయన మైకు బాబాయే.

ఆయన కార్యక్రమం పేరు ‘తీరిగ్గా’. ఆదివారం పొద్దున గంటసేపు. పాటలుండవు, ప్రకటనలుండవు. ఒక మనిషి, ఒక సమస్య, అప్పుడప్పుడు చివర్లో శ్రోతల ఫోన్లు, అంతే. బాబాయి ప్రశ్న వేసి ఊరుకునేవాడు. ఎదుటి మనిషి జవాబు చెప్పి ఆగినా ఈయన నోరు విప్పడు. ఆ నిశ్శబ్దం భరించలేక ఆ మనిషి మరో మాట అంటాడు. అసలు సంగతంతా ఆ మరో మాటలోనే ఉండేది. ఈ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు.

మురుగు గొట్టంలో దిగి ఊపిరాడక పోయిన కూలీ భార్యతో ఆయన మాట్లాడాకే పురపాలక సంఘం యంత్రాలు కొన్నది. ఆడపిల్లల బడిలో మరుగుదొడ్లు లేవని పంతులమ్మ చేత చెప్పించింది ఆయనే. ఆ ఏడే కట్టారు. రైలుగేటు మీద వంతెన కూడా ఆయన పుణ్యమే. స్టేషను అద్దాల బీరువాలోని షీల్డుల్లో ఎక్కువ భాగం ఆయనవి. ఇవన్నీ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మాట్లాడటానికి ఎవరైనా జంకితే బాబాయే వరసపెట్టి చెప్పేవాడు. గొట్టం దగ్గర మొదలుపెట్టి వంతెన మీదుగా షీల్డుల దాకా వచ్చేసరికి జంకు కాస్తా వదిలిపోయేది.

“పెళ్ళిచూపుల్లో కూడా ఇదే చదివారు,” అనేది ఆయన భార్య. “అప్పటికి వంతెన లేదు కాబట్టి తొందరగా అయిపోయింది.”

ఆవిడ మోకాలి నొప్పి చూపించడానికే ఒకనాడు ఆసుపత్రికి వెళ్ళారు. ఇంజెక్షన్ల గది ముందు బల్ల మీద పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. చూపుడువేలికి గుడ్డ పీలిక చుట్టుకుని, ఆ వేలిని ఇంకో చేత్తో బిగించి పట్టుకుంది. బాబాయి ఊరుకునే మనిషి కాదు. ఏమైందమ్మా అన్నాడు. సూది దిగిందంది. కుట్టుసూదా అన్నాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి, ఆసుపత్రి గోడకేసి చూసింది.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ ఒకటి ఊరి చివర ఉంది. ఆ అమ్మాయి అందులో మూటలు విప్పే చోట పని చేస్తుంది. నెత్తురు దుప్పట్లు ఒక పక్కకు, మామూలువి ఒక పక్కకు వేరుచేయాలి. మూటల్లో దుప్పట్లతో పాటు దూదీ, గొట్టాలూ, ఒక్కోసారి వాడి పారేసిన సూదులూ వస్తాయి. చేతి తొడుగులు ఇస్తారు గానీ అవి మొదటి మూటకే చిరుగుతాయి. ఎవరికైనా గుచ్చుకుంటే కడుక్కుని పని చూసుకోమంటాడు సూపర్‌వైజరు. ఆమె పక్కన నిలబడి పని చేసిన ఒకావిడ అలాగే కడుక్కుని పని చూసుకుంది. ఇప్పుడు కాలేయం చెడి మంచాన ఉంది.

“ఇది మైకులో చెప్పాలమ్మా,” అన్నాడు బాబాయి.

“చెబితే నన్నుంచుతారా బాబాయ్?”

“నీ పేరు రాదు. ఊసు రాదు. గొంతు కూడా మార్చేస్తాం. నీ కన్నతల్లి విన్నా పోల్చుకోలేదు. నాది పూచీ.” తరువాత గొట్టం, మరుగుదొడ్లు, వంతెన, షీల్డులు అన్నీ చెప్పాడు. భార్య మోకాలు నిమురుకుంటూ పక్కకు చూసింది.

బాబాయికి ఒక పద్ధతి ఉండేది. మనిషిని స్టేషనుకు పిలిపించేవాడు కాదు. స్టూడియోలో కూర్చోబెడితే నోరు కట్టేసినట్టవుతుందని ఆయన అభిప్రాయం. రికార్డు చేసే పెట్టె భుజాన వేసుకుని తానే వాళ్ళింటికి వెళ్ళేవాడు. కుండలో నీళ్ళు ముంచుతున్న చప్పుడు, పక్కింట్లో తిట్లు, గుమ్మంలో కుక్క గోకుడు, ఏదీ ఆపించేవాడు కాదు. “మనిషొక్కడు మాట్లాడితే చాలదు, గది కూడా మాట్లాడాలి,” అనేవాడు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాట పాఠంలా చెప్పేవారు స్టేషనులో.

ఆ అమ్మాయి ఉండేది మూడంతస్తుల పాత మేడలో, మెట్ల పక్క గదిలో. భర్త లారీ మీద వెళ్తే నెలకొకసారి కనపడేవాడు. ఇంట్లో ఉండేది ఆమే, అత్తే. గది సగం ఒక పాత కుట్టుమిషను ఆక్రమించింది. మేడంతటికీ లంగాలూ జాకెట్లూ కుట్టేది అత్త. ఆమెను మిషనమ్మ అనేవారు, ఈ పిల్లను మిషనమ్మ కోడలు అనేవారు. కాలిపలక ఎక్కడో వదులై, తొక్కినప్పుడల్లా కీచుమని ఏడ్చి, ఆ వెంటనే దగ్గినట్టు టక్కుమనేది.

బాబాయి పెట్టె తెరవగానే ముసలమ్మ కాలు ఆపింది.

“ఆపకండి వదినగారూ. మీ పని మీరు కానివ్వండి,” అన్నాడు బాబాయి.

“ఈ గోలలో మీకేం వినపడుతుందయ్యా?”

“గోల కాదు, అదే అందం.”

“ఇన్నేళ్ళకు నా మిషను అందంగా ఉందన్న మగాడు మీరొక్కరే,” అని ముసలమ్మ నవ్వి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

కోడలు మొదట ముక్తసరిగా మాట్లాడింది. బాబాయి ఊరుకున్నాడు. మిషను కీచుమంది, టక్కుమంది. ఆమె మరో మాట అంది. ఆ పైన ఇక ఆగలేదు. మంచానపడిన స్నేహితురాలు తన పిల్లలకు జడ వేయడానికి కూడా భయపడుతోందని, తన గోరు వాళ్ళకు తగులుతుందేమోనని దువ్వెన దూరంగా పెట్టుకుంటోందని చెప్పింది. అది చెబుతున్నప్పుడు మిషను దానంతటదే ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. తన బతుకులో ఇంతకంటే మంచి ముక్క రికార్డు చేయలేదనుకుంటూ మెట్లు దిగాడు బాబాయి.

స్టేషనులో ఇంజనీరు ఆమె గొంతును బొంగురుగా మార్చాడు. నిజంగానే కన్నతల్లి పోల్చుకోలేనట్టుంది.

“వెనక మిషను రొద ఎక్కువగా ఉంది బాబాయ్. తగ్గించనా?”

“చెయ్యి వెయ్యకు తమ్ముడూ. అది తీస్తే ఇంకేం ఉంటుంది, శవం మాట్లాడినట్టుంటుంది.”

ఇంజనీరుకూ నిజమే అనిపించింది. వినడంలో అంత ఆరితేరిన ఇద్దరికీ, ఆ మిషనును గుర్తుపట్టే చెవులు ఊళ్ళో ఉంటాయన్న ఆలోచన రాలేదు. రొదగా ఉందా, అందంగా ఉందా అన్నదే చూసుకున్నారు.

ఆదివారం అది ప్రసారమైంది. స్టేషను ఫోను మోగుతూనే ఉంది. ఎవరో ఏడ్చారు, ఎవరో ఆసుపత్రులను తిట్టారు. ఆరోగ్యశాఖవారు లాండ్రీని తనిఖీ చేస్తామని ప్రకటించారు. బాబాయి ఇంటికి వెళ్ళి భార్యతో, “ఇంకో షీల్డుకు బీరువాలో చోటు చూడాలి,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం స్టేషను వరండాలో మిషనమ్మ కోడలు నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“గేటులో ఆపేశారు బాబాయ్.”

“ఎవరు? ఎందుకు?”

“సూపర్‌వైజరు పెళ్ళాం బట్టలు మా అత్తే కుడుతుంది. నిన్న వంట చేస్తూ రేడియో పెట్టుకుందట. ఇది మన మిషనమ్మ మిషనే కదండీ అందట మొగుడితో. పాపం ఆవిడ సంతోషంగానే అంది. మనకు తెలిసిన మిషను రేడియోలో వచ్చిందని.”

బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

“మేనేజరు ఒక మాట అన్నాడు. ఆ గొంతు మా లాండ్రీ మనిషిది కాదని రేడియోలో చెప్పిస్తే మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. ఒక్క ముక్క బాబాయ్. మాది కాదని చెప్పండి.”

“అమ్మా, తనిఖీ రాబోతోంది. ఇప్పుడు కాదన్నానంటే అది ఆగిపోతుంది. మంచాన ఉన్న మనిషి మాటేమిటి? నువ్వు చెప్పిందంతా ఏమైపోతుంది?”

“నేను చెప్పినప్పుడు నాకు పనుండేది.”

“నా సర్వీసులో మైకు ముందు అబద్ధం ఆడలేదమ్మా. గొట్టం విషయంలో ఎంత ఒత్తిడి తెచ్చారో తెలుసా, ఆ రోజు...”

“తెలుసు బాబాయ్. చెప్పారు,” అంది ఆ పిల్ల. విసుగు కూడా లేదు ఆ గొంతులో. “మా అత్త కళ్ళు ఆనక మిషను తగ్గించేసింది. మా ఆయన సంపాదన లారీ వాయిదాలకే సరి. ఇంటికి ఆధారం నేనే.”

బాబాయి ఆలోచించి ఒక దారి కనిపెట్టాననుకున్నాడు. మేనేజరునే ‘తీరిగ్గా’కు పిలుస్తాడు. అది రికార్డు కాదు, నేరుగా ప్రసారం. ఎంతమంది గడుసువాళ్ళను ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు తాను. గుచ్చిగుచ్చి అడిగి, మూటల సంగతి అతని నోటే చెప్పిస్తే ఇక ఆ అమ్మాయి మాటతో పనే ఉండదు. పని తిరిగి ఇవ్వక తప్పదు.

“వద్దు బాబాయ్,” అంది ఆమె. “మీరు అడిగితే ఆయనా అడుగుతాడు.”

“నన్నెవరూ ఇంతవరకు అడగలేదమ్మా,” అన్నాడు బాబాయి.

మేనేజరు చెప్పిన వేళకు ముందే వచ్చాడు. కుర్రవాడే, ముప్పైల్లో ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. తన చిన్నప్పుడు నాయనమ్మతో కూర్చుని ‘తీరిగ్గా’ వినేవాణ్ణని చెప్పి బాబాయి కాళ్ళకు దండం పెట్టబోయాడు. ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది. బాబాయి మూటల గురించి అడిగాడు. మేనేజరు చెప్పి ఆగాడు. బాబాయి తన అలవాటు ప్రకారం ఊరుకున్నాడు. మేనేజరూ ఊరుకున్నాడు. నాయనమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నాడో ఏమో, ఆ నిశ్శబ్దంలో హాయిగా కూర్చున్నాడు. చివరకు మరో మాట అన్నది బాబాయే. ఆయన అన్నేళ్ళ కొలువులో అలా జరగడం అదే మొదలు.

కార్యక్రమం చివరికొచ్చింది. “బాబాయిగారూ, నేనొక్కటి అడగొచ్చా?” అన్నాడు మేనేజరు. “మా దగ్గర అంతమంది ఆడవాళ్ళు పని చేస్తున్నారు. మీరు వినిపించిన గొంతు వాళ్ళలో ఒకరిదేనా? ఔనంటే ఆవిడెవరో కనుక్కుని, కష్టం తెలుసుకుని, ఇంటికెళ్ళి చూసుకునే బాధ్యత మాది. కాదంటే మా మీద పడిన మచ్చ పోతుంది. మీ నోటితో చెప్పండి. మీ మాటంటే ఊరందరికీ నమ్మకం.”

బాబాయి నోరు తెరిచాడు. ఔనంటే ఆ అమ్మాయిని గాలిలోకి పట్టి చూపించినట్టే. వరండాలో ఆమె అడిగింది కాదనమనే. చెప్పనంటే, చెప్పకపోవడమే ఔననడం. ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు. అద్దం అవతల ఇంజనీరు చేతులు ఆడిస్తున్నాడు. రేడియో మూగబోయింది. ఊరంతా విందా మూగతనం.

“కాదు,” అన్నాడు బాబాయి.

“ఏమన్నారు, వినపడలేదు,” అన్నాడు మేనేజరు మర్యాదగా.

“ఆ గొంతు మీ లాండ్రీ మనిషిది కాదు.”

ఎర్ర దీపం ఆరింది. మేనేజరు ఈసారి నిజంగానే వంగి కాళ్ళకు దండం పెట్టాడు.

ఇంటికెళ్తే భార్య రేడియో ముందే కూర్చుని ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఆ రోజు కంచం పెట్టి అవతలికి వెళ్ళిపోయింది.

వారం గడిచినా ఆ అమ్మాయిని పనిలోకి పిలవలేదు. బాబాయి మేనేజరుకు ఫోను చేశాడు.

“ఏ అమ్మాయండీ?” అన్నాడు మేనేజరు.

“నువ్వు ఎవరికి మాట ఇచ్చావో ఆ అమ్మాయి బాబూ. మిషనమ్మ కోడలు.”

“ఆవిడకూ మీ కార్యక్రమానికీ ఏమిటండీ సంబంధం? ఆ గొంతు మావాళ్ళది కాదని మీరే చెప్పారు. మరి రేడియోలో మాట్లాడినందుకు తీసేశామని ఎవరైనా ఎలా అంటారు? మూటలు తగ్గాయి, మనుషుల్ని తగ్గించాం. మీరు పెద్దవారు, మీకు నేను చెప్పాలా?”

బాబాయి మళ్ళీ ఆ అమ్మాయి మాట ఎత్తాడు. అవతల ఎప్పుడో పెట్టేశారు.

ఆ తరువాతి ఆదివారం ‘తీరిగ్గా’లో మాట్లాడేది తాగునీటి గురించి. శ్రోతల ఫోన్లు తీసుకునే వేళ ఒక మగగొంతు వచ్చింది. నెమ్మదస్తుడిలా ఉన్నాడు.

“బాబాయ్, నేను నీళ్ళ గురించి చేయలేదు. నా భార్యకు కాలేయం చెడింది. ఆ రోజు మీ కార్యక్రమంలో మా పిల్లల జడల సంగతి వచ్చింది. అది విని మా ఆవిడ సంతోషించింది, మన గురించి చెప్పారని. నష్టపరిహారం అడుగుదామని లాండ్రీకి వెళ్ళాను. ఆ కార్యక్రమం తమ లాండ్రీ గురించి కాదని మైకు బాబాయే చెప్పాడన్నారు.” కాస్త ఆగాడు. “మరి మా ఆవిడ ఎక్కడ పని చేసిందంటారు బాబాయ్?”

ఇంజనీరు ఫోను కట్ చేసి పాట వేశాడు. ‘తీరిగ్గా’లో పాట వేయడం అదే మొదటిసారి.

తనిఖీ మాత్రం జరిగింది. ప్రకటించారు కాబట్టి జరపక తప్పలేదు. అధికారులు వెళ్ళేసరికి మూటలు విప్పే గది కడిగిన పలకలా ఉంది. బల్ల మీద సూది కాదు కదా, దూదిపింజ కూడా లేదు. లాండ్రీకి శుభ్రత పత్రం ఇచ్చారు. స్టేషను డైరెక్టరు దాని నకలు ఒకటి తెప్పించి, బాబాయి కృషికి ఫలితమని అందరి ముందూ చదివి, చప్పట్లు కొట్టించి, షీల్డుల పక్కన పెట్టించాడు. బాబాయి చేతులు జోడించి నిలబడ్డాడు. చప్పట్లు కొట్టనిది ఇంజనీరు ఒక్కడే. అతను కాగితాలు సర్దుకుంటున్నట్టు కనిపించాడు.

బాబాయి ఆ మేడకు వెళ్ళడానికి ముఖం చెల్లక చాలా రోజులు ఆగాడు. ఎక్కడైనా చిన్న పని ఉందేమోనని నలుగురినీ అడిగాడు. వంతెన గుర్తుచేశాడు, మరుగుదొడ్లు గుర్తుచేశాడు. విన్నవాళ్ళు తల ఊపారే గానీ పని మాత్రం చూపించలేదు. ఆఖరికి ఒక సాయంత్రం పెట్టె లేకుండా, ఉత్త చేతులతో మెట్లెక్కాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. మిషను గోడవారకు నెట్టేసి ఉంది. గది మధ్య నడుమెత్తు మూటలు. తెల్ల దుప్పట్లకు ముడులు, ముడుల మీద ఆసుపత్రి గుర్తులు. ఒక మూట విప్పి ఉంది. కోడలు ఒక్కో దుప్పటీ అంచులు పట్టి నెమ్మదిగా దులుపుతోంది. కళ్ళు సరిగా ఆనని అత్త చేతికి ఉన్నిమేజోళ్ళు తొడుక్కుని, దులిపినవి తడిమి మడతపెడుతోంది. దారానికి కట్టిన అయస్కాంతం ముక్క ఒకటి నేల మీద పడి ఉంది. దానికి రెండు సూదులు అతుక్కుని ఉన్నాయి.

“ఎవరూ?” అంది ముసలమ్మ.

“మైకు బాబాయి అత్తయ్యా,” అంది కోడలు. చెయ్యి ఆపలేదు.

“ఇదేమిటమ్మా?” అన్నాడు బాబాయి.

“లాండ్రీలో విప్పడం మానేశారు బాబాయ్. మీరు మాట్లాడాక తనిఖీలూ అవీ వస్తాయని. మూటలు నేరుగా ఇళ్ళకొస్తున్నాయి. మధ్యలో ఒకడున్నాడు, తెచ్చిస్తాడు, పట్టుకెళ్తాడు. మేడలో నాలుగిళ్ళకు ఇచ్చాడు. మాకు చివర్లో ఇచ్చాడు, కాళ్ళావేళ్ళా పడితే.”

“చేతి తొడుగులు?”

ఆమె ముఖమెత్తి చూసింది. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనకే సిగ్గేసింది. పక్కనున్న దుప్పటి అందుకుని దులపబోయాడు.

“ముట్టుకోకండి,” అంది గట్టిగా. మళ్ళీ గొంతు తగ్గించింది. “మీకు అలవాటు లేదు.”

బాబాయి దుప్పటి వదిలేసి, కూర్చోవడానికి నేల మీద చోటు వెతికాడు. ఆమె అయస్కాంతం తీసుకుని దారంతో ఆ మేర ఒకసారి ఈడ్చి, ఏమీ అతుక్కోలేదని చూసుకుని, అప్పుడు కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. ముసలమ్మ మడతలు పెడుతూనే ఉంది. ఎంతసేపు ఊరుకున్నా అక్కడ మరో మాట వచ్చేలా లేదు.

“ఏమైనా అడగడానికొచ్చారా బాబాయ్?” అంది ఆమె ఆఖరికి.

“లేదమ్మా. చూసిపోదామని.”

“చూశారుగా.” దుప్పటి ఇంకొకటి తీసింది. “ఏమనుకోకండి. మూటలవాడు చీకటి పడేలోగా వస్తాడు. మిమ్మల్ని ఇక్కడ చూశాడంటే ఇదీ ఆపేస్తాడు.”

బాబాయి లేచాడు. గడప దాటాక, మెట్ల మీద ఎవరూ లేరు కదా అని పైకీ కిందికీ చూసుకున్నాడు. తలుపు తనే దగ్గరగా లాగి, గొళ్ళెం చప్పుడు కాకుండా చూసుకుని, కిందికి దిగాడు.